అక్కడ అన్నం ఎలా ఉంది?

పోయిన నెల నేను తొమ్మిది రోజులు జపాన్‌లో ఉన్నాను. వచ్చాక నాలుగు ఫోటోలు పెట్టి, తిన్నవాటి పేర్లు రాసి వదిలేద్దాం అనుకున్నాను. కానీ మా మామ్మ అడిగిన ఒక ప్రశ్న వల్ల ఈ వ్యాసం పెద్దదైపోయింది. ఇందులో చరిత్ర ఎక్కువ ఉంటుంది. నా తెలుగు సంగతి మీకు తెలుసు కదా. నేను నెమ్మదిగా రాశాను, మీరూ నెమ్మదిగా చదవండి.

ముందు మా మామ్మ గురించి చెప్పాలి. మాది మలేషియాలో పేరాక్. మామ్మ రబ్బరు తోటలో పుట్టింది. వాళ్ల అమ్మానాన్నలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడ ఎక్కి వచ్చారు. మామ్మ తెలుగు గడగడా మాట్లాడుతుంది కానీ చదవలేదు. నేను చదవగలను, రాయగలను కానీ మాట్లాడేటప్పుడు తడబడతాను. మా ఇద్దరినీ కలిపితే ఒక పూర్తి తెలుగు మనిషి అవుతుందని మా నాన్న నవ్వుతాడు.

జపాన్ వెళ్తున్నానని చెప్పగానే మామ్మ మాట్లాడటం మానేసింది. కారణం మా ఇంట్లో అందరికీ తెలుసు. 1943లో, తనకి ఏడేళ్లప్పుడు, వాళ్ల నాన్నని జపాన్ సైన్యం వాళ్లు సయాం రైలు పనికి తీసుకెళ్లారు. మూడు నెలల పని అన్నారట. ఆయన తిరిగి రాలేదు. మా నాన్న మొదటిసారి జపాన్ కారు కొన్నప్పుడు మామ్మ రెండు నెలలు అందులో ఎక్కలేదు. అయినా నా ప్రయాణానికి ముందు రోజు తనే పిలిచి, "ఎల్లు. ఎల్లి సూసి రా. ఆళ్లు ఏటి తింటారో, అన్నం ఎలాగుంటాదో నాకు సెప్పు" అంది.

అందుకే నేను అక్కడ ముఖ్యంగా అన్నం చూశాను.

తెల్లన్నం

టోక్యోలో మొదటి రోజు మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో తేయిషోకు తిన్నాను. మన భోజనం ప్లేటు లాంటిది అనుకోండి. ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో మిసో చారు, కాల్చిన చేప, కొంచెం ఊరగాయ. పక్క బల్ల దగ్గర ఉన్న ముసలాయన తినే ముందు రెండు చేతులూ జోడించి "ఇతదకిమస్" అన్నాడు. "స్వీకరిస్తున్నాను" అని దాని అర్థం. ఆయన గిన్నెని ఎడమ చేత్తో ఎత్తి పట్టుకుని తిన్నాడు. చివర్లో చూస్తే గిన్నెలో ఒక్క మెతుకు లేదు. మెతుకు వదిలితే మామ్మ నన్ను తిట్టేది, అది గుర్తొచ్చింది.

ఇంకో సంగతి. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చకూడదు. చనిపోయినవాళ్లకి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. మన దగ్గర పిండం ముద్దకి ఉన్న గౌరవం, భయం రెండూ అక్కడ ఆ పుల్లలకి ఉన్నాయి.

అన్నం మాత్రం చాలా తెల్లగా, కొంచెం జిగటగా, మెరుస్తూ ఉంది. కూర కలపకుండా ఉత్తిదే తినబుద్ధి అవుతుంది. ఇంత తెలుపు ఎలా వస్తుందని వెతికితే ఒక పెద్ద కథ దొరికింది.

ఎదో జబ్బు

టోక్యోకి పాత పేరు ఎదో. షోగున్ల కాలంలో పల్లెల్లో మామూలు జనం బార్లీ, చిరుధాన్యాలు, సగం దంచిన బియ్యం కలిపి తినేవారు. ఎదో నగరంలో మాత్రం బాగా పాలిష్ పట్టిన తెల్లన్నం తినడం మర్యాద అయింది. పల్లెటూరి నుంచి నగరానికి వచ్చినవాళ్లకి కొన్నాళ్లకి కాళ్లు బరువెక్కేవి, తిమ్మిర్లు పట్టేవి, వాపు వచ్చేది, చివరికి గుండె ఆగిపోయేది. ఊరికి తిరిగి వెళ్తే తగ్గిపోయేది. అందుకే దాన్ని "ఎదో జబ్బు" అన్నారు. జపనీస్‌లో అసలు పేరు కక్కే. మిగతా ప్రపంచం బెరిబెరి అంటుంది.

మెయిజీ కాలంలో జపాన్ కొత్త నౌకాదళం కట్టింది. ఆ నావికుల్లో చాలామంది పేద ఇళ్ల పిల్లలు. వాళ్లకి రోజూ తెల్లన్నం దొరకడమే గొప్ప. బియ్యం ఓడవాళ్లు ఇచ్చేవారు, పక్కన తినేవాటికి డబ్బు చేతికిచ్చేవారు. కుర్రాళ్లు ఆ డబ్బు మిగుల్చుకుని ఇంటికి పంపేవారు, అన్నం ఒక్కటే తినేవారు. ఇది చదివినప్పుడు నాకు మా తోట కూలీలు గుర్తొచ్చారు. మిగిల్చి ఇంటికి పంపడం అన్ని దేశాల పేదవాళ్లకీ ఒకే రకంగా తెలుసు.

1882లో ర్యూజో అనే ఓడ 376 మందితో బయలుదేరి న్యూజిలాండ్, దక్షిణ అమెరికా చుట్టి వచ్చింది. 169 మందికి బెరిబెరి వచ్చింది, 25 మంది చనిపోయారు. లండన్‌లో చదువుకుని వచ్చిన తకాకి కనెహిరో అనే నౌకాదళ డాక్టర్ దీన్ని పట్టుకున్నాడు. తప్పు తిండిలోనే ఉంది అన్నాడు. 1884లో త్సుకుబా అనే ఇంకో ఓడని అదే దారిలో పంపించాడు. ఈసారి మాంసం, బార్లీ, పప్పులు, పాలు ఇచ్చారు. 333 మందిలో ఒక్కరు కూడా బెరిబెరితో చనిపోలేదు. జబ్బు పడ్డవాళ్లు పదిహేను మంది దాకా ఉంటారు, వాళ్లు కూడా కొత్త తిండి సరిగ్గా తిననివాళ్లే.

తమాషా ఏమిటంటే తకాకి చెప్పిన కారణం తప్పు. మాంసకృత్తులు తక్కువై జబ్బు వస్తోంది అనుకున్నాడు. అసలు కారణం బియ్యం పై పొరలో ఉండే బి1 విటమిన్ అందకపోవడం. విటమిన్ అనే మాటే అప్పటికి పుట్టలేదు. కారణం తప్పైనా మందు సరైనది. నౌకాదళంలో అన్నంలో బార్లీ కలపడం మొదలైంది, బెరిబెరి దాదాపు మాయమైంది. తర్వాత తకాకికి బారన్ బిరుదు ఇస్తే జనం ఆయన్ని ముద్దుగా "బార్లీ బారన్" అన్నారు.

పదాతి సైన్యం మాత్రం వినలేదు. అక్కడి డాక్టర్లు జర్మనీలో చదివినవాళ్లు. జబ్బంటే సూక్ష్మక్రిమి ఉండాలి అన్నారు. ఈ పక్షంలో ఉన్న ఒక డాక్టర్ పేరు మోరి ఓగై. ఆయన జపాన్‌లో చాలా గొప్ప రచయిత కూడా. 1904-05 రష్యా యుద్ధంలో సైనికులకి తెల్లన్నం పెట్టారు. సుమారు 27,000 మంది బెరిబెరితో పోయారు. ఒక దేశం, రెండు దళాలు, ఒకటి నేర్చుకుంది, ఒకటి నేర్చుకోలేదు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

తవుడు

ఆరో రోజు టోక్యో వదిలి ఒక పల్లెకి వెళ్లాను. రోడ్డు పక్కన చిన్న గది లాంటిది ఉంది. డబ్బులు వేస్తే బియ్యం పాలిష్ పట్టే యంత్రం అట. ఒకావిడ ముడి బియ్యం సంచి తెచ్చి పోసింది. ఎంత తెల్లగా కావాలో బొత్తాం నొక్కి చెప్పాలి. ఒక పక్క నుంచి తెల్ల బియ్యం వచ్చింది. వెనక చిన్న గదిలో లేత గోధుమ రంగు పొడి పోగైంది. ఆవిడ వెళ్తూ వెళ్తూ ఆ పొడి కూడా ఒక సంచిలో నింపుకుంది. దానికి డబ్బు లేదు, ఎవరైనా తీసుకోవచ్చు.

ఆ పొడి పేరు నుకా. తెలుగులో ఏమంటారో నాకు తెలియలేదు. మామ్మకి ఫోన్లో ఫోటో పంపి అడిగాను. "తవుడే అది! గేదెలకి ఎడతారు మన ఊళ్లో, మా అమ్మ సెప్పేది" అంది. మామ్మ మన ఊరు ఎప్పుడూ చూడలేదు. అయినా "మన ఊళ్లో" అంటుంది.

జపాన్‌లో తవుడుని గేదెలకే కాదు, ఊరగాయకీ వాడతారు. తవుడు, ఉప్పు, నీళ్లు కలిపి ఒక తొట్టెలో పులియబెడతారు. అందులో ముల్లంగి, దోసకాయ, వంకాయ పాతిపెడతారు. రోజూ చేత్తో కలపాలి, లేకపోతే పాడైపోతుంది. దాని పేరు నుకజుకే. తవుడులో ఉన్న బి1 మెల్లగా కూరగాయలోకి దిగుతుంది. బియ్యం నుంచి తీసేసిన బలం ఇలా వెనక తలుపు నుంచి మళ్లీ కంచంలోకి వచ్చేది. 1910లో సుజుకి ఉమెతారో అనే రసాయన శాస్త్రవేత్త ఆ బలమైన పదార్థాన్ని తీసింది కూడా తవుడులోంచే.

మనకీ ఈ జబ్బుతో సంబంధం ఉంది, ఇది నేను అస్సలు అనుకోలేదు. 1835లో మాల్కమ్సన్ అనే డాక్టర్ మద్రాసులో బెరిబెరి గురించి ఒక పుస్తకం అచ్చు వేయించాడు. ఆయన రాసిన జబ్బు ఉన్న చోటు ముఖ్యంగా ఉత్తర సర్కారులు, అంటే మన ఆంధ్ర తీరం. దక్షిణాన తమిళ జిల్లాల్లో ఎక్కువగా ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లని ముందు ఉడికించి, ఎండబెట్టి దంచితే అది ఉప్పుడు బియ్యం. ఉడికేటప్పుడు తవుడులోని బలం గింజ లోపలికి పోతుంది, పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. మన సర్కారు జిల్లాల్లో పచ్చి బియ్యమే ఇష్టం. మిల్లులు వచ్చాక ఆ ఇష్టం ప్రమాదం అయింది.

మా మలయాలోనూ ఇదే కనిపించింది. తకువ ఖర్చుతో దొరికే తెల్ల బియ్యం తిన్న చైనా గని కూలీలకి బెరిబెరి వచ్చేది, ఉప్పుడు బియ్యం తిన్న తమిళ కూలీలకి రాలేదు. అక్కడి డాక్టర్లు పరీక్ష చేసి చూశారు. ఫ్రేజర్, స్టాంటన్ అనే ఇద్దరు సుమారు 300 మంది జావా కూలీలని రెండు గుంపులు చేసి, ఒకరికి తెల్ల బియ్యం, ఒకరికి ఉప్పుడు బియ్యం ఇచ్చారు. తెల్ల బియ్యం గుంపుకే జబ్బు వచ్చింది. బియ్యం మారిస్తే తగ్గింది. 1909కల్లా ఇది అచ్చయింది. అంటే 1943 నాటికి ఈ సంగతి ప్రపంచానికి తెలిసి ముప్పై ఏళ్లు దాటింది.

కూర చేసిన ప్రయాణం

ఇప్పుడు కొంచెం తేలికైన విషయం. జపాన్‌లో పిల్లలకి బాగా ఇష్టమైన వంటల్లో ఒకటి కరే రైస్. అవును, మన కర్రీ. కానీ అది మన దగ్గర నుంచి నేరుగా వెళ్లలేదు. ఇంగ్లీషువాళ్లు మన మసాలాని సీసాలో పొడి చేసి, గోధుమ పిండితో చిక్కగా వండి, ఆ వంటని జపాన్‌కి తీసుకెళ్లారు. అందుకే జపాన్‌వాళ్లు దాన్ని చాలాకాలం పాశ్చాత్య వంట అనుకున్నారు. 1872లో వచ్చిన ఒక వంట పుస్తకంలో కర్రీకి కప్ప మాంసం వేయమని ఉంది! మామ్మకి ఇది చెప్పలేదు.

నౌకాదళం కర్రీని బాగా పట్టుకుంది. ఒకే కుండలో మాంసం, దుంపలు, పిండి అన్నీ పడతాయి, అన్నం మీద పోస్తే చాలు. 1908 నాటి నౌకాదళం వంట పుస్తకంలో కర్రీ రైస్ ఉంది. ఇప్పటికీ అక్కడి నావికులు శుక్రవారం కర్రీ తింటారు. నేను యొకోసుకా అనే ఓడరేవు ఊరికి వెళ్లి తిన్నాను. పక్కన సలాడ్, ఒక గ్లాసు పాలు ఇచ్చారు. తియ్యగా, చిక్కగా, కారం లేకుండా ఉంది. మొదటి ముద్దకి నవ్వొచ్చింది. మూడో ముద్దకి నచ్చింది.

టోక్యోలో షింజుకు దగ్గర నకమురాయా అనే పాత దుకాణం ఉంది. అక్కడి కర్రీ కథ వేరు. రాస్‌బిహారీ బోస్ పేరు వినే ఉంటారు. 1912లో ఢిల్లీలో వైస్రాయ్ హార్డింజ్ మీద బాంబు వేసిన కుట్రలో ఉన్న బెంగాలీ విప్లవకారుడు. 1915లో జపాన్ పారిపోయాడు. నకమురాయా యజమానులు ఆయన్ని దాచిపెట్టారు. తర్వాత వాళ్ల అమ్మాయి తోషికోని పెళ్లి చేసుకున్నాడు. ఆమె చిన్న వయసులోనే, 1925లో చనిపోయింది. 1927లో ఆ దుకాణం భోజనాలు మొదలుపెట్టినప్పుడు బోస్ చెప్పిన పద్ధతిలో కోడికూర పెట్టారు. పిండి లేకుండా, ఎముకతో, అసలైన మసాలాతో. ఇప్పటికీ అక్కడ అమ్ముతున్నారు. నేను తిన్నాను. మన ఇంటి కూర కాదు, కానీ బంధువు అని తెలుస్తుంది.

ఆ కూర తింటూ నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. యుద్ధంలో జపాన్ మలయాని పట్టుకున్నాక, ఈ బోసే భారత స్వాతంత్ర్య సంఘానికి నాయకుడుగా సింగపూర్ వచ్చాడు. 1943 జూలైలో ఆ బాధ్యతని సుభాష్ చంద్ర బోస్‌కి అప్పగించాడు. మా తోటల్లో ఎంతోమంది ఆ సైన్యంలో చేరారు. అదే సంవత్సరం, అవే తోటల నుంచి, ఇంకెంతోమందిని రైలు ఎక్కించి సయాం పంపించారు. ఒకే దేశం వల్ల కొందరికి ఆశ, కొందరికి చావు. ఆ కోడికూర నేను పూర్తిగా తిన్నాను. కానీ నెమ్మదిగా తిన్నాను.

ఇంజన్

చివరి రోజు నేను అనుకోకుండా కాదు, అనుకునే ఒక చోటికి వెళ్లాను. టోక్యోలో యాసుకుని గుడి పక్కన యూషూకాన్ అనే యుద్ధ ప్రదర్శనశాల ఉంది. లోపలికి అడుగుపెట్టగానే పెద్ద హాలులో ఒక నల్ల ఆవిరి ఇంజన్ కనిపిస్తుంది. సి56 రకం, నంబరు 31. సయాం-బర్మా రైలు మార్గం ప్రారంభించిన రోజు నడిచిన ఇంజన్ అది. చాలా శుభ్రంగా, నిగనిగలాడుతూ ఉంది. ఒక నాన్న, చిన్న కొడుకు దాని ముందు నిలబడి ఫోటో తీసుకుంటున్నారు.

ఆ మార్గం పొడవు 415 కిలోమీటర్లు. 1942 మధ్యలో మొదలుపెట్టి 1943 అక్టోబరుకి పూర్తి చేశారు. అడవి, కొండ, వాన. యుద్ధఖైదీలు 60,000 మందికి పైగా పనిచేశారు, వాళ్లలో 12,000 మందికి పైగా చనిపోయారు. ఈ కథ సినిమాల్లో ఉంది. కానీ ఆసియా కూలీలు వాళ్లకంటే చాలా ఎక్కువ. మలయా నుంచే 70,000 మందికి పైగా వెళ్లారు. ఎక్కువమంది తోటల్లోని తమిళులు, వాళ్లతో పాటు తెలుగువాళ్లు, మలయాళీలు, మలయ్‌లు. మొత్తం ఆసియా కూలీల్లో సుమారు 90,000 మంది పోయారని అంచనా. కాంచనబురిలో ఖైదీల సమాధులు దాదాపు 7,000, పేర్లతో, పచ్చికతో ఉన్నాయి. మావాళ్లకి పేరు రాసిన రాయి లేదు.

వాళ్లని చంపినవి కలరా, విరేచనాలు, మలేరియా, పుండ్లు. ఆ వరసలో బెరిబెరి కూడా ఉంది. కూలీలకి దొరికింది పాలిష్ పట్టిన తెల్ల బియ్యం, చాలాసార్లు పాడైపోయింది, దానితో కొంచెం ఏదో ఒకటి. ఖైదీల్లో ఉన్న డాక్టర్లు తవుడు కోసం వెతికారు, దొరికినప్పుడు రోగులకి మందులా పెట్టారు. కూలీల శిబిరాల్లో చాలాచోట్ల డాక్టరే లేడు.

తకాకి త్సుకుబా ఓడని పంపింది 1884లో. రైలు పూర్తయింది 1943లో. నేర్చుకున్న దేశమే అది. కానీ నేర్చుకున్నది ఎవరికోసం అన్నది వేరే ప్రశ్న. నేను ఇంజన్ని ముట్టుకోలేదు. ఆ చిన్న పిల్లవాడు నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. తొమ్మిది రోజులు నాకు దారి చూపించినవాళ్లు, గొడుగు ఇచ్చినవాళ్లు, నేను తినే ప్రతిదాని పేరూ ఓపికగా చెప్పినవాళ్లు వీళ్లే. ఈ రెండిటినీ ఒకే మనసులో ఎలా పెట్టుకోవాలో నాకు ఇంకా రాదు. తెలుగులోనే కాదు, ఏ భాషలోనూ రాదు.

ఇంటికి వచ్చాక

మామ్మకి ముల్లంగి ఊరగాయ తెచ్చాను. ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఉప్పు ఎక్కువ. కారం ఏదీ?" అంది. ఇంకో ముక్క తీసుకుంది. అన్నం ఎలా ఉందని అడిగింది. తెల్లగా, బాగుంది మామ్మా అన్నాను. తవుడు సంగతి, ఓడల సంగతి, ఉప్పుడు బియ్యం సంగతి అన్నీ చెప్పాను. అంతా విని, కాసేపు ఊరుకుని, "మరి మా నాయనకి ఆడ అన్నం ఎట్టారా?" అంది.

ఎనభై ఏళ్లుగా తన మనసులో ఉన్న ప్రశ్న ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది. యుద్ధంలో తోటలో బియ్యం లేదు. మామ్మ, వాళ్ల అమ్మ ఉడకబెట్టిన ఉబి దుంప తిని బతికారు. ఆంధ్రలో దాన్ని కర్రపెండలం అంటారట. సయాంలో అన్నం పెడతారని చెబితేనే వాళ్ల నాన్న వెళ్లాడట.

"ఎట్టారు మామ్మా, అన్నమే ఎట్టారు" అన్నాను. అది అబద్ధం కాదు. మిగతాది చెప్పలేదు. తను తల ఊపి, ఊరగాయ డబ్బా మూత పెట్టమంది.

మిగతాది ఇక్కడ రాశాను. మామ్మ చదవలేదు కాబట్టి రాయగలిగాను. ఇది సరైన పనో కాదో మీరు చెప్పండి. మీ ఇంట్లో కూడా సయాం వెళ్లి రానివాళ్లు ఉంటే, ఇంకా చెప్పగలిగే పెద్దవాళ్లు ఉంటే, ఈ వారమే అడగండి. తెలుగు తప్పులొస్తాయని ఆగకండి.

ఈసారి నేర్చుకున్న మాటలు

తవుడు: బియ్యం తెల్లగా చేసేటప్పుడు రాలే పొడి.
ఉప్పుడు బియ్యం: వడ్లని ఉడికించి, ఎండబెట్టి తీసిన బియ్యం.
మెతుకు: ఒక్క అన్నం గింజ.
కర్రపెండలం: మనం ఉబి అనేది.
ఎట్టారు: పెట్టారు. పుస్తకంలో దొరకదు, మామ్మ దగ్గర దొరుకుతుంది.